మూడో నంబరు డబ్బా

"మూడో నంబరు డబ్బాలో దొరికింది" అంది టెక్కలి ల్యాబు నుంచి వచ్చిన హేమ.

వంటమనిషి కృష్ణవేణి చప్పున తలెత్తి చూసింది. మూడో నంబరు తనదే.

పలాసలోని ఆ ఆడపిల్లల హాస్టల్లో పదకొండు మందికి విరేచనాలు. ఒక పిల్ల ఇంకా సెలైన్ మీదే ఉంది. అందుకే వంటవాళ్లు ముగ్గురి మలాన్నీ పరీక్షకు పంపారు.

"సరిగ్గా సూడమ్మా. నాకు కడుపునొప్పి కూడా నేదు."

"నొప్పి లేకపోయినా బాక్టీరియా లోపల కాపురం ఉంటుంది పిన్నీ." హేమ ఫోన్లో ఫొటో చూపించింది. చిన్న పళ్లెంలో ఎర్రటి జెల్లీ, దాని మీద నల్ల చుక్కలు. "ఇది సాల్మొనెల్లా. మిగతా ఇద్దరి పళ్లాల్లో మొలవలేదు. అనుమానం తీరక ఇంకో పరీక్ష కూడా చేశాను. అదే వచ్చింది."

హాస్టల్ యజమాని నాగేంద్రబాబు రెండు చేతులూ జోడించాడు. "రేపట్నుంచి రాకమ్మా. పిల్లల తల్లిదండ్రులు నా పీక మీద కూసున్నారు."

పని పోవడం ఒక ఎత్తు. పిల్లలకు రోగం వండి పెట్టిందన్న పేరు మోస్తూ ఇక ఏ వంటింటి గడప తొక్కగలదు?

కృష్ణవేణి వార్డెన్ సుధ వైపు చూసింది. ఎనిమిదేళ్లుగా నోరారా అక్కా అని పిలిచిన మనిషి. వంటమనిషి కాదు గనక ఆమెకు పరీక్ష లేదు; డబ్బాలు పోగుచేసి, నంబర్లు అంటించి ల్యాబుకు పట్టుకెళ్లింది మాత్రం ఆమే. నోటి దాకా వచ్చిన మాటను కృష్ణవేణి మింగేసింది. అది బయటపెడితే అక్కకు మాటొస్తుంది. అక్కే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తుందిలే అనుకుంది.

సుధ గొంతు సవరించుకుంది.

"సేతులు కడుక్కోమని ముందు నుంచీ సెప్తన్నాను సార్. ఇంటే గదా! నాను పెరుగన్నం కలపడం వరకే. మిగతా వంటంతా ఆవిడ సేతి మీదే."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. కృష్ణవేణికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మింగిన మాటను కక్కేసింది.

"సుదక్కా, ఆ పొద్దున నాకు దొడ్డికి రానేదని కాళీ డబ్బా ఇత్తే, 'నాను సూసుకుంతానులే' అని అట్టుకెల్లిపోనావు. మరి అందులో ఎట్టింది ఎవుల్ది?"