మొక్కకేం జబ్బు?

"ఆ మొక్కకేం జబ్బు తల్లీ, మాత్రలు పెడుతున్నావ్?"

పిల్ల ఉలిక్కిపడింది. వేలు పూలకుండీ మట్టిలోనే ఉండిపోయింది.

ఆసుపత్రి వరండా చివర బెంచీ మీద ఓ మనిషి కూర్చుని ఉన్నాడు. ఉన్ని టోపీ, ముక్కూ నోరూ మూసిన మాస్కు, చేతిలో కర్ర. ఎముకలకి చొక్కా తగిలించినట్టున్నాడు.

"నేనేం పెట్టలేదే!" అంది, చేతులు వెనక్కి దాచుకుంటూ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

"నర్సమ్మ డబ్బా తెరిచి మిగిలినవి లెక్కపెడుతుంది. ఎక్కువ మిగిలితే తిడుతుంది. అందుకని ముందే ఇక్కడ పాతేస్తున్నావ్. అంతేగా?"

"నీకెందుకు తాతా? నీ పని నువ్వు చూసుకో."

తాతా అనేసరికి ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. నవ్వాడో, నొచ్చుకున్నాడో మాస్కు వెనక తెలియలేదు.

అది హెచ్ఐవీ మందులిచ్చే చోటు. ఈ పిల్ల పుట్టడమే ఆ జబ్బుతో పుట్టింది. అమ్మ పోయాక పిన్ని పెంచింది, ఎదురుగా నిలబడి మరీ మింగించింది. ఇప్పుడు బట్టల కొట్లో ఉద్యోగం, హాస్టల్లో మకాం. సంచిలో డబ్బా గలగలమంటే చాలు, పక్క మంచం పిల్ల "ఏం మాత్రలే అవి?" అంటుంది. ఏమని చెప్పి చస్తుంది?

"డబ్బాలో కాస్త దూది కుక్కు. చప్పుడు రాదు," అన్నాడు తాత.

ఆ ఉపాయం పిల్లకి నచ్చింది. నచ్చిందని ఒప్పుకుంటే ఎలా?

"చప్పుడొక్కటేనా? ఊహ తెలిసినప్పటినుంచీ మింగుతూనే ఉన్నా. విసుగొచ్చేసింది. మీరంతా పెద్దయ్యాక తెచ్చుకున్నారు. నేనేం పాపం చేశాను?"

ఆ మాట అనకూడదు. అనేసింది.

తాత కర్ర పక్కన పెట్టాడు.

"రక్త పరీక్షలో ఏమొచ్చింది?"

పిల్ల నీరుగారిపోయింది. "వైరస్ మళ్ళీ పెరిగిందట. ఇలాగే చేస్తే ఈ మందు ఇక పనిచేయదంది డాక్టరమ్మ."

"నిజమేనమ్మా. వేసుకుంటూ మానేస్తూ ఉంటే రోగం రాటుదేలిపోతుంది. మందు మారుస్తారు. అదీ మానేస్తే ఇంకోటి. ఆ తర్వాత మార్చడానికి ఏమీ మిగలదు."

"అందరూ ఇలాగే భయపెడతారు. మా బొద్దన్న ఎప్పుడో మానేశాట్ట. గుండ్రాయిలా ఉన్నాట్ట!"

"బొద్దన్నెవరు?"

"చిన్నప్పుడు ఇక్కడికే వచ్చేవాడు. నాకన్నా కాస్త పెద్ద. బూరెబుగ్గలు! మాత్ర గొంతుకి అడ్డం పడి నేను ఏడుస్తుంటే, తొండం ఎత్తిన ఏనుగులా తలెత్తి మింగమని నేర్పాడు. మింగితే వీపు మీద ఎక్కించుకుని ఈ వరండా అంతా తిప్పేవాడు."

"అంత ఇష్టమా వాడంటే?"

"మా సొంత అన్నే అనుకునేదాన్ని. వాడు చెబితే విషమైనా మింగేదాన్ని తాతా."

తాతకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. తేరుకునేసరికి కళ్ళలో నీళ్ళు. అంత దగ్గితే రావా మరి, అనుకుంది పిల్ల.

"అయితే ఆ బొద్దన్న మీద ఒట్టు పెట్టు," అన్నాడు బొంగురుగా. "ఇక రోజూ వేసుకుంటానని. పొరపాటున మిగిలినవి డబ్బాలోనే పట్టుకొస్తానని. తిట్లు తిను. తిట్లకి ఎవరూ చావరు."

"సర్లే, ఒట్టు. మళ్ళీసారి నువ్వూ ఉండాలి, చూడ్డానికి."

"ఉంటే ఉంటానమ్మా."

మళ్ళీసారి పిల్ల డబ్బాలో దూదే ఎక్కువుంది. మర్చిపోయిన మాత్ర ఒక్కటంటే ఒక్కటే. చూపించి గొప్పలు పోదామని ముందు బెంచీ దగ్గరికే వెళ్ళింది. ఎవరూ లేరు.

లోపల నర్సమ్మ డబ్బాలోంచి దూది లాగి చూసింది. "ఇదేంటే, నాకు తిట్టే పని లేకుండా చేశావ్!"

"సిస్టర్, టోపీ తాత ఇంకా రాలేదా?"

నర్సమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"పోయాడమ్మా. మధ్యమధ్యలో మానేసి మానేసి, చివరికి ఏ మందూ పట్టలేదు."

పిల్ల కుర్చీ అంచు పట్టుకుంది.

"ఆయన మాట మీదే వేసుకుంటున్నా సిస్టర్. ఆరోజు పెద్దాయన్ని పట్టుకుని నానా మాటలూ అన్నాను."

"పెద్దాయనేంటే?" నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. "నీ మనసులో బుగ్గలతోనే ఉండిపోతానని, నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నా. నీకు ఏనుగులా తలెత్తి మాత్ర మింగడం నేర్పింది వాడేనే, పిచ్చిదానా."