పన్నెండో కుర్చీ

"ఈ కాలు వద్దు. పక్కన పెట్టండి," అంది లిల్లీ, ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని.

ఆ కాలు వెనక రెబెక్కమ్మ అనే డెబ్భై ఆరేళ్ల మనిషి కూడా ఉంది. ఆ సంగతి వృద్ధుల హోమ్ మేనేజరు లిల్లీకి ఆ పొద్దున గుర్తున్నట్టు లేదు. అది గుడ్‌ఫ్రైడే ముందటి గురువారం, ప్రభువు పన్నెండుమంది శిష్యుల కాళ్లు కడిగిన రోజు. పది గంటలకు ఛైర్మన్ సుశీల్ కుమార్ గారు నెల్లూరు నుంచి వచ్చి, హోమ్‌లోని పన్నెండుమంది ముసలివాళ్ల కాళ్లు కడుగుతారు. దాన్ని ఫోన్లో లైవ్ పెడతారు. అందుకని లిల్లీ నలభైమందినీ వరండాలో కూర్చోబెట్టి, సంతలో ఎద్దుల్ని చూసినట్టు కాళ్లు చూసి ఏరుతోంది. ఏరినవాళ్ల కాళ్లను ఆయా వనజాక్షి సబ్బుతో రుద్ది, గోళ్లు తీసి, కొబ్బరినూనె రాస్తోంది. ఛైర్మన్ గారు కడగబోయే కాళ్లలో మురికి ఉండకూడదు కదా.

"పక్కన పెట్టేదేంది?" అంది ఏసుమణి. ఆమెది రెబెక్కమ్మ గదే. "ఆ పుండుకు మందు పడి ఎన్ని దినాలైందో చెప్పు ముందు."

"నర్సు మానేసింది కదవ్వా. కొత్త నర్సు వస్తాది."

"తొమ్మిది దినాలు. షుగరు మనిషి. దినామూ కట్టు మార్చకుంటే పాదం తీసేయాల్సి వస్తాదని డాక్టరు నీ ముందరే చెప్పినాడు. ఆ బోరు ఉప్పునీళ్లతో నేనే కడగతా ఉండా. కట్టుకు గుడ్డ లేక నా పాత లంగా చించినా."

"ఈరోజు గొడవ పెట్టొద్దండి. ఆ అవ్వ రూములో పడుకుంటాది. మీ కాళ్లు బాగుండాయి, మీరు పన్నెండో కుర్చీలో కూర్చోండి."

ఏసుమణికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఒక్క సీసా మందు, ఒక చుట్ట గుడ్డ ఇవ్వడానికి చేతులు రాలేదు గాని, వరండాకు పూలదండలు కట్టడానికి మనుషులు దొరికారు. అయినా వెళ్లి కాళ్లకు నూనె రాయించుకుంది.

పది కావొస్తుండగా గదిలోకి వెళ్లి రెబెక్కమ్మను లేపింది.

"నాకెందుకే ఈ తంటా," అంది రెబెక్కమ్మ. "వాళ్లకు కోపమొచ్చి పంపించేస్తే యాడికి పోవాల?"

"కాలు పోయినాంక యాడికి పోతావక్కా? లెయ్."

ఛైర్మన్ గారి కారు గేటు దగ్గర ఆగింది. లిల్లీ దండ తీసుకుని అటు పరుగెత్తింది. ఆ సందులో ఏసుమణి పాత కట్టు విప్పి, రెబెక్కమ్మను పన్నెండో కుర్చీలో కూర్చోబెట్టి, చీర అంచు పాదాల మీదికి దించింది. తను కుర్చీ వెనక నిలబడింది.

సుశీల్ కుమార్ గారు నడుముకు తెల్ల తువ్వాలు కట్టుకుని మోకాళ్ల మీద వంగారు. తాగడానికే చాలవని లిల్లీ రోజూ కసిరే క్యాన్ నీళ్లు ఇత్తడి పళ్లెం నిండా పోసి, గులాబీ రేకులు చల్లారు. పైన పటారం, లోన లొటారం. ఒక్కో పాదం మీద చారెడు నీళ్లు, తువ్వాలుతో ఒక అద్దకం, ఫోను వైపు ఒక నవ్వు. ఫోను పట్టుకున్న లిల్లీ కళ్లు ఛైర్మన్ గారి మీదే ఉన్నాయి. పదకొండు కుర్చీలు అలాగే గడిచాయి.

పన్నెండో కుర్చీ దగ్గర ఆయన చీర అంచు పైకి జరిపారు. మడమ సగం పుండే. వాసన గుప్పుమంది. ఆయన చేయి నీళ్లలోనే ఆగిపోయింది.

"కడగండయ్యా," అంది ఏసుమణి. "ప్రభువు కాళ్లు ఏరుకోలేదు."

లిల్లీ నోరు తెరుచుకుని నిలబడింది. చేతిలో ఫోను దించాలని కూడా ఆమెకు తోచలేదు. ఏసుమణి ఆ ఫోనుకేసి చూసి చెప్పింది.

"తొమ్మిది దినాలుగా ఈమెకు మందు లేదు. నలభైమందికి ఇద్దరు ఆయాలు. నర్సు లేదు. పక్క తడిస్తే తెల్లారిందాకా తడిలోనే పడుండాల. చూసేవాళ్లంతా చూడండి."

సుశీల్ కుమార్ గారు తల వంచారు. నీళ్లు తీసుకుని రెబెక్కమ్మ రెండో కాలి మీద, బాగున్న కాలి మీద పోశారు. తర్వాత లేచి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, ఫోను వైపు తిరిగారు.

"తప్పు నాదే. ఈ తల్లుల పాదాల బాధ్యత ఈరోజు నుంచి నాది. దేవుని ముందు చెబుతున్నాను."

"స్తోత్రం," అన్నారందరూ. రెబెక్కమ్మ ఏడ్చింది. ఏసుమణి ఏడవలేదు గాని, మాట ఇచ్చిన మనిషిని నమ్మింది. పుండు నయమవుతుందని, పాదం నిలుస్తుందని ఆ రోజు మొదటిసారి అనుకుంది.

శుక్రవారం ఆరాధనతో గడిచింది. శనివారం పొద్దున నెల్లూరు నుంచి ఛైర్మన్ గారి కారు ఒక పెద్ద అట్టపెట్టె దించి వెళ్లింది.

"చూసినావా, అడిగితేనే జరగతాది," అంటూ ఏసుమణి రెబెక్కమ్మను నడిపించుకొచ్చి, అందరికంటే ముందు కూర్చోబెట్టింది. లంగాగుడ్డ కట్టు విప్పి దూరంగా విసిరేసింది. కాలు ఎత్తి ముక్కాలిపీట మీద పెట్టింది. "మొదట ఈమెకు చూడమ్మా."

లిల్లీ పెట్టె టేపు కోసింది.

"బయటివాళ్లు వచ్చినప్పుడు అందరూ ఇవి వేసుకునే కూర్చోవాలని సార్ మరీ మరీ చెప్పినారు," అంటూ, తెల్ల సాక్సుల జత ఒకటి తీసి రెబెక్కమ్మ ఒళ్లో పెట్టింది.