ఉస్తాద్ ఓడిన రోజు

కానిస్టేబుల్ లాఠీతో బల్ల మీద గట్టిగా కొట్టేసరికి ఛాయ్ తాగుతున్న వాళ్లందరూ లేచి నిలబడ్డారు. బోధన్ బస్టాండు ఎదుట రోడ్డు మీదికి జరిపి వేసిన బెంచీలన్నీ వెంటనే లోపలికి తీయాలని హుకుం. ఆటో నడిపే సిద్దిరాములు ఎవరూ అడగకముందే బండి కాగితాలు బయటికి తీశాడు.

చివరి బెంచీ మీద, రేకు పెట్టె మీద కాళ్లు పెట్టుకొని కూర్చున్న బాపురావు మాత్రం కదల్లేదు. ఒక గుక్క తాగి తాపీగా అన్నాడు.

“లాఠీ మంచిగనే కొట్టినవ్ శృతీ. గాజులు తీసుడు మర్సినవ్.”

కానిస్టేబుల్ ఖాకీ చొక్కా చెయ్యి పైకి లాగి చూసుకుంది. గాజులు అక్కడే ఉన్నాయి. హోటల్ హోటలంతా నవ్వింది.

“నీ ఏషం పాడుగాను పోరీ, పానం గుంజినవ్ గదనే,” అంటూ సిద్దిరాములు కాగితాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

బాపురావుది పగటివేషాలు కట్టి బజార్లు తిరిగే ఇల్లు. శృతి చిన్నప్పుడు మోస్రాలో వాళ్లమ్మ ఒక ముసలవ్వకు కడుపునిండా అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కున్నాక ఆ అవ్వ నెరిసిన జుట్టు ఊడదీసి దండం పెట్టింది. చూస్తే మగవాడు, ఈ బాపురావే. ఆ రోజు పట్టుకున్న పిచ్చి శృతిని వదల్లేదు. డిగ్రీ అయ్యాక వెతుక్కుంటూ బోధన్ వచ్చి ఆయన దగ్గర చేరింది. వేషాలు మానేశానని, చేతనైతే నేర్పుతానని అన్నాడాయన.

పగటివేషగాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. గురువు చేతి నుంచి రంగుల పెట్టె అందుకోనిదే ఎవరూ ఒంటరిగా వేషం కట్టకూడదు. శిష్యులను గురువు గుర్తుపట్టలేని రోజే పెట్టె చేతులు మారుతుంది. ఆదివారం కంఠేశ్వర్ బజారులో ఒంటరిగా ఆడడానికి శృతికి పిలుపు వచ్చింది. పెట్టె లేకుండా పోతే వాళ్ల మనుషులెవరూ ఒప్పుకోరు. ఇవాళ శనివారం.

బైబిలు పట్టుకున్న ప్రార్థనమ్మగా వచ్చిననాడు తలనూనె నీదే అని పట్టేశాడు. చెరుకు కొట్టే మరాఠీ కూలీగా వచ్చిననాడు భాష బాగుంది, దగ్గు మాత్రం నీదే అన్నాడు. ఇవాళ గాజులు.

“మొఖం సూసి ఒక్కసారన్న మోసపోవైతివి ఉస్తాద్. రంగు కుదురుతలేదా?” అని అడిగింది శృతి.

బాపురావు ఎప్పటిలాగే హోటల్ నడిపే విమలమ్మను అడిగాడు, రంగు ఎట్లుందని. నైటు డ్యూటీ చేసి గడ్డం గీసుకోని పోలీసులాగే ఉందని, ఆ మీసం చూసి తనకే భయమేసిందని ఆమె చెప్పింది. ముందు చూసేవాళ్ల తీర్పు వినే ఆయన పద్ధతి శృతికి ఇష్టం.

“ఇగ రంగుకు వంక లేదు,” అన్నాడు బాపురావు. “మొఖం ఎవరన్న ఏస్తరు బిడ్డా, మనిషిని ఎయ్యాలె. అవతలోడు ఏం సూడాలనుకుంటడో గంతే సూపియ్యి. మిగిలింది వాడే కల్పిచ్చుకుంటడు.”

విమలమ్మ ఇంకో కప్పు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వేళ్లు సరిగా పట్టుకున్నాకే వదిలింది. మిగతా అందరికీ బల్ల మీదే పెట్టేది. పెద్దమనిషికి ఇచ్చే ఆ మర్యాద శృతికి ముచ్చటగా ఉండేది. తాను కూడా ఆయనతో బజారు పోయేటప్పుడు భుజం ఇచ్చి నడిచేది. ఉస్తాద్ చెయ్యి భుజం మీద ఉంటే ఊరంతా తనదే అనిపించేది.

“రేపు పొద్దుగాల దాంక టైమున్నది,” అంది శృతి. “పెట్టె పట్టుకొనే కంఠేశ్వర్ పోత, సూడు.”

“సూద్దాం పో,” అన్నాడు బాపురావు, ఆ పొగరు తనదే అయినట్టు నవ్వుతూ.

శృతి హోటల్ వెనకకు పోయి బూట్లు విప్పింది. గాజులు తీసి సంచిలో వేసింది. సబ్బు పెట్టి రంగంతా కడిగి, తన చుడీదార్ వేసుకొని, రాత్రికి కట్టబోయే వేషం గురించే ఆలోచిస్తూ వట్టి కాళ్లతో ముందుకు వచ్చింది. అప్పుడే మహారాష్ట్ర వైపు పోయే చెరుకు ట్రాక్టరు పాటలు మోగిస్తూ వచ్చింది. పక్కవాడి మాట కూడా వినబడని హోరు. అది పోయేదాకా ఉస్తాద్ ఎదురుగా నిలబడి చున్నీతో ముఖం తుడుచుకుంది.

ట్రాక్టరు దాటింది. బాపురావు కాలు చాపబోతే అది ఆమె పాదానికి తగిలింది. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“మాఫ్ జెయ్యి అన్నా. ఛాయ్ గావాల్నా? విమలమ్మ లోపటున్నది.”

శృతి నవ్వింది. తనకు పాఠం చెప్పడానికి ఉస్తాద్ ఆడుతున్నాడనుకుంది.

“నేనే గద ఉస్తాద్. పోయొస్త అని చెప్పనీకొచ్చిన.”

బాపురావు చేతిలోని కప్పు ఆగిపోయింది. సిద్దిరాములు తల దించుకున్నాడు. విమలమ్మ గరిటె పట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది.

బాపురావు కప్పు పక్కన పెట్టి వంగి, కాళ్ల కింది పెట్టె తడిమి తీసి, ముందుకు చాచాడు.

“నిన్ను గుర్తువట్టలే. మాట మాటే. రేపు కంఠేశ్వర్‌ల ఆడేది నువ్వే.”

పెట్టె బరువుకు శృతి చేతులు కిందికి వంగాయి. ఎన్నాళ్లుగానో కోరుకున్న బరువు అది. అయినా మనసు ఒప్పుకోలేదు.

“రంగు లేదు, మీసం లేదు. నీ ముంగట నా మొఖంతోటే నిలబడ్డ. గిది ఏషమెట్ల అయితది ఉస్తాద్?”

“ఏషం నువ్వెయ్యలే బిడ్డా, నేనేసిన,” అన్నాడు బాపురావు. ఓడినవాడి గొంతులా లేదది.

“నాది సూపున్నోని ఏషం.”