స్టీరింగుకు కట్టిన గుడ్డ

పాదం నేలకు ఆనగానే విజయేందర్ చెవిలో బస్సు ఇంజను మోగింది.

కాలు చటుక్కున పైకి లాక్కున్నాడు.

సికింద్రాబాద్ ఆసుపత్రిలో, మూడో అంతస్తులో బస్సు ఎక్కడుంటుంది? ఆ సంగతి అతనికి తెలుసు. కాలికే తెలియదు.

"ఎముక అతుక్కున్నది," అంది ఫిజియోథెరపిస్టు ప్రిసిల్లా. "ఇంకా గిట్లనే భయపడితే మోకాలు బిగుసుకుపోతది. తర్వాత నేనేం చెయ్యలేను."

అతను అల్వాల్‌లో ఒక ట్రావెల్స్ షెడ్డులో మెకానిక్. అక్కడ బస్సు కిందికి దూరేవాడు తన ఎర్రగుడ్డను స్టీరింగుకు కట్టి దూరాలి. వాడే వచ్చి విప్పేదాకా తాళంచెవి ఎవరూ ముట్టరు.

ఐదు నెలల కిందట ఎవరో ముట్టారు. కింద పడుకున్న విజయేందర్‌కు చక్రం తప్ప ఏమీ కనబడలేదు. బండి తీసిన డ్రైవరు ఆ పూటే పనిలో చేరినవాడు, ఆ పూటే మాయమయ్యాడు.

ఎదురు కుర్చీలో రోజూ ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆయనకు కట్టూ లేదు, కర్రా లేదు.

"జెర కింద పెట్టు నాయనా."

"నీ కాలు మీదికి బస్సు ఎక్కిందా పెద్దాయనా? ఎక్కినంక చెప్పు."

ముసలాయన తల దించుకున్నాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, చెమటలు కక్కుతూ.

"ఎట్ల వస్తున్నవ్ రోజూ?"

"నడిచి. లాలాగూడ నుంచి."

"ఆటోలు లేవా?"

"బండెక్కాలంటే కాళ్లు వణుకుతయి."

"నువ్వా నాకు ధైర్యం చెప్పేది?" చాలా రోజులకు విజయేందర్ నవ్వాడు.

ముసలాయన లేచి వచ్చాడు. నేల మీద కూలబడి, తన కాలు విజయేందర్ పాదం ముందు చాపాడు.

"ఏమొచ్చినా ముందు నా కాలు మీదికే ఎక్కుతది. ఇగ పెట్టు."

పెట్టాడు. ఇంజను మోగింది. అయినా కాలు తీయలేదు.

ముసలాయన నేల మీద వెనక్కి జరుగుతూ పోయాడు, అతను అడుగేస్తూ వచ్చాడు. ఇరవై రోజులు అదే పని.

ఏమీ పట్టుకోకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిన రోజు, ముసలాయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

విజయేందర్ ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి, ఖాళీ కుర్చీ చూసి దిగులుపడ్డాడు.

"మీ నాన్న వస్తలేరేంది?" అడిగింది ప్రిసిల్లా.

"మా నాయన కాదు. మీ చుట్టమనుకున్న."

వారం తర్వాత ఒకామె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"నతానియేల్ గారి బిడ్డను, మేబెల్. నాన్న శుక్రవారం పోయిండు. ఈ సంచి మీకియ్యమన్నడు."

"అయ్యో. నాకు ఆయన పేరు సుత తెల్వదమ్మా."

"ఒక్క మాట చెప్పమన్నడు. అద్దం తుడిచే గుడ్డ అనుకున్నడంట."

విజయేందర్ సంచి విప్పాడు.

ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టిన ఎర్రగుడ్డ అంచున, భార్య కల్పలత పసుపు దారంతో కుట్టిన అతని పేరే ఉంది.