తూర్పు గోడలో తలుపు

ఆర్కిటెక్టు ఆఫీసులో నలుగురూ తలో ఫైల్లో తలో అంతస్తు గీసి, తలనొప్పి మాత్రం అందరూ డ్రాయింగక్క అని పిలిచే ఆవిడకు వదిలి ఇళ్లకు పోయారు. ఆ నాలుగు లేఅవుట్లూ, అంటే అంతస్తుల ప్లాన్లూ, తెల్లారేలోగా ఒకే ఫైల్లోకి చేర్చాలి. ఖాళీ ఆఫీసులో ఒక్కతే కూర్చుని చేర్చింది. తీరా చూస్తే ఐదో లేఅవుట్ కూడా ఉంది.

తెరిచింది. ఇరుకు వంటిల్లు, మూల తెగిన బాల్కనీ. తన ఇల్లే. పాప గది తూర్పు గోడకు మాత్రం ఇంట్లో లేని తలుపొకటి ఉంది, అదీ మూసి. ప్లానులో తలుపును తెరిచినట్టే గీస్తారు. మూసిన తలుపును ఎవరూ గీయరు.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని ఆ తలుపును చెరిపేసింది. సేవ్ చేయగానే మళ్లీ వచ్చింది. ఈసారి రెక్క గీత కాస్త గదిలోకి తిరిగి ఉంది.

భర్తకు ఫోన్ చేసింది.

"పాప పడుకుందా?"

"ఎప్పుడో. నువ్వింకా బయల్దేరలేదా?"

"దాని గదిలో తూర్పు గోడ ఒక్కసారి చూడండి."

చెప్పుల చప్పుడు, స్విచ్ చప్పుడు. "గోడకేమైంది? బాగానే ఉందిగా."

తెర మీద రెక్క పూర్తిగా తెరుచుకుంది. మౌస్ ఎంత నొక్కినా ఏదీ చెరగడం లేదు.

"ఏమండీ, పాపను ఎత్తుకుని బయటికి రండి."

అవతల నిద్రమత్తులో పాప గొంతు వినిపించింది. "నాన్నా, ఆ తలుపెయ్యి. చలేస్తోంది."

"ఏ తలుపురా బంగారం?" అన్నాడాయన.

ఆ తర్వాత ఎంత పిలిచినా ఫోన్లో ఎవరూ పలకలేదు. తెర మీద తలుపు మళ్లీ మూసి ఉంది.