ఐదో డ్రైవరు

నలుగురు డ్రైవర్లు వెళ్లిపోయారు. వెళ్లిపోయారనడం మర్యాద కోసం. ప్లీడరుగారే వెళ్లగొట్టారు.

మొదటివాడు కారుని అరగంట ఎండలో నిలబెట్టాడు. రెండోవాడు మిట్టమధ్యాహ్నం కడిగాడు. మూడోవాడు పొడిగుడ్డతో దుమ్ము దులిపాడు. నాలుగోవాడి పాపం మరీ చిన్నది. నడుముకి బెల్టు పెట్టుకుని కారు తలుపుకి ఆనుకున్నాడు.

ప్లీడరుగారికి కేసులు నడపడం వచ్చుగానీ కారు నడపడం రాదు. కారేమో కొత్తది, పండుమిరపకాయ రంగు. ఆ రంగు చూసే కొన్నారు. ఈ ఎండలకి అది ఎక్కడ వెలిసిపోతుందోనని ఆయనకి ఒకటే బెంగ. పిల్లలకి జ్వరాలొచ్చినప్పుడు కూడా ఆయన ఇంత హైరానా పడలేదని వాళ్లావిడ సాధిస్తూనే ఉంది.

అలాంటి రోజుల్లో ఐదోవాడు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా. బెల్టు లేదు. ప్లీడరుగారు ముందుగా చూసింది అదే.

"ఇదివరకు ఎక్కడ చేశావు?"

"కార్ల షోరూంలో అయ్యగారూ. పన్నెండేళ్లు. ఒక్క బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. షోరూం మూసేశారు."

మూసేసి నాలుగు నెలలైంది. ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. ఆ మాట మాత్రం అతను పైకి అనలేదు.

ప్లీడరుగారు సాక్షిని బోనెక్కించినట్టు మొదలుపెట్టారు.

"ఎండలో నిలబడ్డ బండి మీద చన్నీళ్లు పోయొచ్చా?"

"కాలిన పెనం మీద పోస్తామా అయ్యగారూ? నీడకి తెచ్చి, చల్లారాక కడగాలి."

"పిట్ట రెట్ట వేస్తే?"

"ఎండకి ఉడికిపోకముందే తడిగుడ్డ కప్పాలి. నానాక మెల్లగా ఎత్తేయాలి. గోకితే రంగు లేచిపోద్ది."

"మైనం పాలిష్?"

"ఈ కాలంలో నెలకోసారి. గుండ్రంగా రుద్దకూడదు. నిలువుగా, పసిపిల్లకి నూనె రాసినట్టు."

ప్లీడరుగారి కళ్లు చెమర్చాయి. పదిహేను ప్రశ్నలు వేశారు. పదిహేనూ రంగు మీదే. పదిహేనింటికీ జవాబులొచ్చాయి.

"ఓసారి అలా వీధి చివరిదాకా తోలి చూపించమనండి" అంది వాళ్లావిడ కాఫీ గ్లాసు అందిస్తూ.

"ఈ ఎండలోనా? మతుండే మాట్లాడుతున్నావా?" అని ప్లీడరుగారు లేచి నిలబడ్డారు. కొత్త డ్రైవరు చేతులు కట్టుకుని అయ్యగారి మాటే సరైందన్నట్టు తలూపాడు.

ఉద్యోగం ఖాయమైంది.

ఎండాకాలం సెలవులకి కోర్టు మూసేశారు. కారు పోర్టికోలోనే ఉంది. పైన పచ్చ వల, దాని కింద గుడ్డ కవరు, దాని కింద మైనం. ఐదోవాడు పొద్దున్నే వచ్చి, కవరు తీసి, తుడిచి, అద్దాలు మెరిపించి, మళ్లీ కప్పేవాడు. గడపలో కూర్చుని పిట్టల్ని తోలేవాడు. ప్లీడరుగారు కిటికీలోంచి చూసి మురిసిపోయేవారు.

ఓ రోజు వాళ్లావిడ అక్కగారింటికి బయల్దేరింది.

"పది దాటిందమ్మగారూ" అన్నాడు ఐదోవాడు. "ఈ ఎండ తగిలితే రంగు మీది మెరుపు పోద్ది."

"పోనీ సాయంత్రం వెళ్దాం."

"సాయంత్రం తారు మెత్తగా ఉంటదండి. చక్రాలు చిమ్మితే తలుపులనిండా నల్ల మచ్చలే."

"అయ్యో, తారు సంగతి నాకు తట్టనే లేదు!" అన్నారు ప్లీడరుగారు గుండె పట్టుకుని. "ఆటోలో వెళ్లవే, నీ పుణ్యముంటుంది."

మరుసటి వారం ఆవిడకి పన్ను సలిపింది. దవడ బూరెలా వాచింది. పొద్దున్నే ఆరింటికి, ఎండ లేదు, తారు గట్టిగా ఉంది. అప్పుడు గాలిదుమారం అడ్డొచ్చింది. ఇసక తగిలితే గరుకు కాగితంతో రుద్దినట్టేనట. ఆవిడ దవడకి తువ్వాలు కట్టుకుని మళ్లీ ఆటో ఎక్కింది.

"మళ్లీ జన్మంటూ ఉంటే ఈయనకి పెళ్లాంగా కాదు, కారుగా పుట్టాలి" అనుకుంటూ వెళ్లింది.

గురువారం మధ్యాహ్నం తొలి వాన పడింది. ఊరంతా చల్లబడింది. ఐదోవాడి మొహం మాత్రం మాడిపోయింది.

"సోమవారం కోర్టు తెరుస్తారోయ్" అన్నారు ప్లీడరుగారు ఉత్సాహంగా. "తొమ్మిదిన్నరకల్లా బండి గేటు బయట ఉండాలి."

"వాన చుక్కలు ఆరితే మరకలు పడతాయేమో అయ్యగారూ..."

"చాల్లే!" అంది వాళ్లావిడ వంటింట్లోంచి. అప్పటికి ఆవిడ పన్ను పీకేశారు. మాట మాత్రం పదునెక్కింది. "ఎండకీ తీయవు, వానకీ తీయవు. సోమవారం ఆ బండి కదలాలి. లేకపోతే నువ్వు కదులుతావు."

ఈసారి ప్లీడరుగారు కూడా భార్య వైపే తలూపారు.

ఐదోవాడికి నాలుగు నెలల పస్తులు కళ్లముందు తిరిగాయి. ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు.

"అమ్మగారూ, ఒక్క గంట సెలవిప్పించండి. చిన్న పనుంది. సోమవారంలోగా అయితీరాలి."

"వెళ్లు, వెళ్లు. నువ్వు ఇక్కడుండి మాత్రం చేసేదేముంది?"

వానలో తడుస్తూ రెండో వీధి దాకా పరిగెత్తాడు. మేడ మెట్లెక్కి, చిన్న ఆఫీసు గదిలోకి వెళ్లాడు. బల్ల వెనకాల కూర్చున్నావిడ ఓ కాగితం, పెన్ను అతని ముందుకి తోసింది.

పేరు రాశాడు. వయసు రాశాడు. చిరునామా రాశాడు. 'వృత్తి' అన్న దగ్గర పెన్ను ఆగింది. కాసేపు తల గోక్కున్నాడు. కాగితం మీద అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. 'కారు డ్రైవరు' అని రాసి ఇచ్చాడు.

ఆవిడ చదివి, ఫక్కున నవ్వి, కాగితం వెనక్కి ఇచ్చేసింది.

"బాబూ, అక్కడ రాయాల్సింది నువ్విప్పుడు చేస్తున్న పని, మా దగ్గర నేర్చుకోబోయే పని కాదు!"