ఆకు సంచుల్లో మేకపాలు

బూజు తెగులుతో పోరాడుతున్న మొక్కల ఆకుల్లో పాల ప్రొటీన్ బయటపడింది.

"మొక్క పాలివ్వడమేమిటి?" అన్నాడు పరిశోధనశాల డైరెక్టర్ తన గదిలో కూర్చుని. "నీ యంత్రం సరిగ్గా కడిగి ఉండరు."

"మూడుసార్లు కడిగాం," అంది ఆయన భార్య. ఆ పరిశోధనశాలలో ప్రొటీన్లను గుర్తుపట్టే యంత్రం ఆవిడ అధీనంలోనే ఉంది.

బూజు మీద పడగానే మొక్క కణాలు కంటికి కనపడనంత చిన్న సంచుల్లో ప్రొటీన్లు నింపి బయటికి పంపుతాయి. వాటిలో ఏముందో చూడాలని ఆవిడ ఆర్నెల్లు కష్టపడింది. పాలలోనూ అలాంటి సంచులే ఉంటాయి. ఎవరో ఆకుల మీద పాలు పోశారు. రెండూ కలిసిపోయాయి. ఆర్నెల్ల పని బూడిదలో పోసిన పన్నీరైంది.

"అవి మేకపాలు," అంది ఆవిడ.

"అది కూడా చెబుతుందా?" డైరెక్టర్ గొంతు సన్నబడింది.

"శుభ్రంగా చెబుతుంది. ఇక్కడ మేకలున్నది ఒక్కడికే." ఆవిడ బెల్లు నొక్కింది.

తోటమాలి తడి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆకులు మెరవాలని పాలతో తుడిచావా?"

"అయ్యో, చీమలు పట్టవామ్మా? నేను నీళ్లు తప్ప చుక్క వెయ్యను."

"మరి మేకపాలు ఆకాశంలోంచి కురిశాయా? రేపట్నుంచి నువ్వు పనిలోకి రావక్కర్లేదు."

తోటమాలి మొహం పాలిపోయింది. "నా పొట్ట కొట్టకండమ్మా. ఆ మొక్కల్ని కన్నపిల్లల్లా చూసుకుంటున్నాను."

"పోనిద్దూ, పాపం," అన్నాడు డైరెక్టర్. ఒక్క ఆకు రాలినా మేడ ఎగిరిపోయేలా అరిచే మనిషి! "పాడైంది ఒక్క ట్రే మొక్కలే కదా."

ఆవిడ గిరుక్కున తిరిగింది. "పది ట్రేల ఆకులూ కలిపి పరీక్షించాం. ఒక్క ట్రే అని మీకెవరు చెప్పారు?"

డైరెక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అమ్మా," అన్నాడు తోటమాలి నెమ్మదిగా, "నా మేకలు ఇచ్చే అరలీటరూ మీ ఇంట్లోనే పోస్తున్నాను. అయ్యగారి మోకాళ్లకి మంచిదని మీరేగా అడిగారు..."

ఆవిడ తను రోజూ ఆ పాలు పోసి ఆయన బల్ల మీద పెట్టే ఫ్లాస్కు ఎత్తి చూసింది. రోజూలాగే పదింటికల్లా ఖాళీ. కిటికీ దగ్గరికి నడిచి కిందికి వంగింది. సరిగ్గా కింద మొక్కల మీద కట్టిన ఆకుపచ్చ వల. దాని మీద ఒకేచోట ఎండిన తెల్లటి చారలు.

"ఏమండీ!"

"అతన్నేమీ అనకు," అన్నాడు డైరెక్టర్ రెండు చేతులూ పైకెత్తి. "ఆ వాసన నాకు పడదే! సింకులో పోద్దామంటే అది నీ గదిలోనే ఉంది. మూడు నెలలుగా నీ మేకపాలు తాగుతున్నది నేను కాదు, ఆ మొక్కలే!"